సంతకం మాత్రం ఆయనది

"నీ సిఫార్సు ఉత్తరం నువ్వే రాసుకొచ్చెయ్ రోనీ. నేను సంతకం పెట్టేస్తాను," అన్నాడు డాక్టర్ ప్రూవిట్, అరటిపండు ఒలుచుకుంటూ.

ఆ మాట అనడానికి ఆయనేమీ సిగ్గుపడలేదు. ఆ భవనంలో ఎవరూ సిగ్గుపడరు. ఏడంతస్తుల్లో నలభై ల్యాబులున్నాయి. నలభై ల్యాబుల్లోనూ ఇదే తంతు. పెద్దవాళ్లు సిఫార్సు చేస్తారు, ఆ సిఫార్సును చిన్నవాళ్లు రాసుకుంటారు. తన గురించి తానే "ఈమె ఇంతటిది, అంతటిది" అని రాసుకుని, కింద ఇంకొకరి పేరు టైపు చేసి, ఆ ఇంకొకరి ముందు చేతులు కట్టుకుని నిలబడి, సంతకం అయ్యాక థాంక్స్ చెప్పి బయటికి రావాలి. చదువుకున్నవాళ్ల లోకంలో దీనికి మార్గదర్శనం అని పేరు.

రోనీ అసలు పేరు వెరోనికా కొవాలిక్. ఇరవై ఆరేళ్లు. నాలుగేళ్లుగా ఆ ల్యాబులో టెక్నీషియన్. ఎలుకల కిడ్నీలకు ఆపరేషన్ చెయ్యడం ఆమె పని. వెంట్రుకంత రక్తనాళానికి క్లిప్పు పెట్టి, నలభై నిమిషాలు రక్తం ఆపి, మళ్లీ వదిలి, ఆ కిడ్నీ బతుకుతుందో చస్తుందో చూడాలి. సూక్ష్మదర్శిని కింద ఆమె వేసే కుట్లు చూడటానికి పక్క ల్యాబులవాళ్లు కాఫీ కప్పులు పట్టుకుని వచ్చేవాళ్లు. రెండేళ్ల కిందట ఆమె ఒక సంగతి గమనించింది. క్లిప్పు ఒక్కసారిగా తీసేస్తే కిడ్నీ మచ్చలు మచ్చలుగా నల్లబడుతుంది. కొంచెం వదిలి, మూడు ఊపిర్లు ఆగి, మళ్లీ కొంచెం వదిలితే అంతా ఒకే తీరున గులాబీ రంగుకొస్తుంది. ఎవరూ నేర్పలేదు. చేతికి తెలిసింది. ఆ పని ఎలుకల్లో కాదు, మనుషుల్లో చెయ్యాలి. ఆమె కోరిక అదొక్కటే. టెక్నీషియన్‌ని మనిషి మీద చెయ్యి వెయ్యనివ్వరు. ఒట్టి పరిశోధకుణ్ణీ వెయ్యనివ్వరు. ఒట్టి డాక్టరుకేమో ఎలుకల దగ్గర కూర్చునే తీరికుండదు. రెండూ కలిపి చదివిస్తారు ఎనిమిదేళ్లు, ఫీజు లేకుండా, అదే కాలేజీలో, పై అంతస్తులోనే. ఏడాదికి పన్నెండు సీట్లు.

ఆ సీటుకీ రోనీకీ మధ్య ఒక అంకె ఉంది. ఐదువందల మూడు.

ప్రవేశ పరీక్షలో మొత్తం ఐదువందల ఇరవై ఎనిమిది. దాంట్లో ఐదువందల మూడంటే బయటివాళ్లు ఆహా అంటారు. కానీ ఆ పరీక్షలో ఖాళీ కాగితం ఇచ్చి వచ్చినా నాలుగువందల డెబ్బై రెండు వేస్తారు. ఐదువందల మూడంటే నడిమి బెంచీ. ఈ కోర్సుకు వచ్చేవాళ్లు ఐదువందల పదిహేను, పద్దెనిమిది, ఇరవై మార్కులతో వస్తారు.

రోనీ తెలివితక్కువదై ఆ అంకె రాలేదు. పరీక్షకు ముందు పంతొమ్మిది రోజులు వరసగా ఆమె ఆపరేషన్ బల్ల దగ్గరే ఉంది. ప్రూవిట్ ఒక వ్యాసం పంపితే, పత్రికవాళ్లు ఇంకో అరవై ఎలుకల ఫలితాలు కావాలన్నారు. "ఒక్క మూడు వారాలు రోనీ. తర్వాత సెలవంతా నీదే," అన్నాడాయన. ఇరవయ్యో రోజున ఆమె పరీక్ష హాల్లో కూర్చుంది. అక్షరాలు కళ్ల ముందు ఎలుకల్లా పరుగులు తీశాయి. వ్యాసం మాత్రం బ్రహ్మాండంగా అచ్చయింది. ఏడుగురి పేర్లున్నాయి. రోనీ పేరు చివర ధన్యవాదాల్లో, ఎలుకల మేత సరఫరా చేసినవాళ్ల పేరుకు ముందు వచ్చింది.

మార్కులు చూసి ఆమె మొహం వాడిపోతే ప్రూవిట్ భుజం తట్టాడు. "మార్కులెవడు చూస్తాడే పిచ్చిదానా? మనిషిని చూస్తారు. మన కాలేజీ వెబ్‌సైటు చదువుకో, కనీస మార్కులంటూ లేవని రాసే ఉంది." అదే నమ్మి ఆమె మళ్లీ పరీక్ష రాయకుండా దరఖాస్తు పెట్టింది.

* * *

ఆదివారం నాడు యంగ్స్‌టౌన్‌లో నాన్న ఇంటి వంటగదిలో కూర్చుని రోనీ ఉత్తరం రాసింది. మిలన్ కొవాలిక్ పొయ్యి దగ్గర క్యాబేజీ వేయిస్తున్నాడు. పైపుల కర్మాగారంలో ముప్పై ఒక్క ఏళ్లు చేసి, అది మూతపడితే ఇంటికొచ్చిన మనిషి.

"ఏం రాశావో చదువు, విందాం," అన్నాడు.

రోనీ గొంతు సవరించుకుంది. "'వెరోనికా కొవాలిక్ నాలుగేళ్లుగా నా దగ్గర పని చేస్తోంది. ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాలేదు. పనిముట్లు శుభ్రంగా ఉంచుతుంది. తప్పు జరిగితే దాచదు. ఆమె చేసిన పనిని ఇంకొకరు సరిచూడాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు.'"

మిలన్ గరిటె పక్కన పెట్టాడు. "చివరి మాట మళ్లీ చదువు."

చదివింది.

"అబ్బో! నా మీద ఇలాంటి ఉత్తరం ఎవడైనా రాసుంటే నన్ను ఏనాడో ఫోర్‌మన్‌ని చేసేవాళ్లు కదే! మరీ ఎక్కువైందేమో చూసుకో. డబ్బా కొట్టుకున్నట్టుంటుంది."

"అంతే అంటావా?" అని రోనీ "తప్పు జరిగితే దాచదు" అన్న వాక్యం కొట్టేయబోయి, మళ్లీ ఉంచింది.

వాళ్ల వాడలో మనిషిని మెచ్చుకోవడమంటే అదే. వాడు వేసిన అతుకు ఊడదు అంటే చాలు, అంతకు మించిన కితాబు లేదు. నేను గొప్పవాణ్ణి అనుకునేవాడి పక్కన చర్చిలో శుక్రవారం చేపల విందుకు కూడా ఎవరూ కూర్చోరు. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లను కూర్చోబెట్టి నీ గొప్ప నువ్వే రాసుకోమంటే ఇంకేం రాస్తుంది?

మర్నాడు ప్రూవిట్ విమానానికి బయల్దేరుతూ, ఒక చెయ్యి కోటులో దూర్చి, రెండో చేత్తో కాగితాన్ని తలుపుకు అదిమి సంతకం పెట్టాడు.

"ఒకసారి చదవండి," అంది రోనీ.

"నీ మీద నమ్మకం లేకనా?" అని వెళ్లిపోయాడు.

* * *

అక్టోబరు పోయింది, నవంబరు పోయింది. సూట్లు వేసుకున్న పిల్లలు గుంపులు గుంపులుగా ఇంటర్వ్యూలకొచ్చి, నాలుగో అంతస్తులో ల్యాబులు చూసిపోతున్నారు. వాళ్లకు ఆపరేషన్ చేసి చూపించేది ఎవరనుకున్నారు? రోనీయే. "ఇది మా కాలేజీ గర్వించే పద్ధతి," అని ఎవరో ఒకరు పక్కన నిలబడి చెప్పేవారు. ఐదువందల ఇరవై రెండు మార్కులొచ్చిన ఒక కుర్రాడు ఎలుక పొట్ట తెరవగానే మొహం పాలిపోయి గోడకు ఆనుకున్నాడు. రోనీ వాడికి కుర్చీ వేసి నీళ్లిచ్చింది. వాడికి డిసెంబరులో సీటొచ్చింది. ఆమెకు కనీసం ఇంటర్వ్యూ పిలుపు కూడా రాలేదు.

చివరికి ఉండబట్టలేక, మధ్యాహ్నం భోజనాల వేళ, ఆ కోర్సు ఆఫీసుకు వెళ్లింది. అక్కడ బెర్నిస్ అనే పెద్దావిడ ఇరవై రెండేళ్లుగా ఫైళ్లన్నీ చూస్తోంది. ఆవిడ ముల్లంగి ముక్కలు కొరుకుతూ తలుపు వైపు చూసి, "వెయ్యి తల్లీ, తలుపు వెయ్యి," అంది.

"నా ఫైలు ఎవరైనా చదివారా బెర్నిస్?"

"కూర్చో ముందు. చూడు, కనీస మార్కులు లేవన్న మాట నిజం. ఒట్టు. నేను చేసేదల్లా జాబితాను మార్కుల వరసలో పేర్చడం. వాళ్లు పైనుంచి చదువుకుంటూ దిగుతారు. అరవైమందిని పిలవాలి. అరవై నిండేసరికి ఎక్కడికొస్తారో చెప్పనా? ఐదువందల పన్నెండు దగ్గరికి. అక్కడ కాఫీ చల్లారిపోతుంది. కుర్చీలు జరుపుకుని లేచి వెళ్లిపోతారు."

"అంటే ఆ కిందవాళ్లను..."

"కిందవాళ్లను ఎవరూ కాదనలేదమ్మా. అక్కడిదాకా రాలేదు, అంతే." బెర్నిస్ నవ్విన నవ్వులో నవ్వు లేదు. "ఇక్కడ పనిచేసేవాళ్లకు మాత్రం ఒక దారుంది. సొంత ప్రొఫెసరు ఉత్తరం గట్టిగా ఉంటే ఫైలు కింద నుంచి పైకి లాగుతారు. అందుకే నీ ఉత్తరం డాక్టర్ లాట్రోబ్‌కు నేనే తీసుకెళ్లి చూపించాను. కమిటీకి పెద్ద ఆవిడే కదా. చదివి ఏమందో తెలుసా? 'పాపం ప్రూవిట్, పైకి అనలేక ఇలా చెప్పాడు. ఈ పిల్ల తుడవడానికీ కడగడానికీ పనికొస్తుందని' అంది."

రోనీ కుర్చీలో ముందుకు వంగింది. "దాంట్లో తప్పేముంది? ఒక్క అబద్ధం లేదు."

"అబద్ధం లేకపోవడమే తప్పు తల్లీ! ఇక్కడికొచ్చే ప్రతి ఉత్తరంలోనూ 'నా ముప్పై ఏళ్ల అనుభవంలో ఇలాంటి మేధావిని చూడలేదు' అని ఉంటుంది. ముప్పై ఏళ్లకొక్కరు పుట్టే మేధావులు పోయిన ఏడాది నాలుగువందలమంది పుట్టారు. వాళ్ల మధ్య నీది చూస్తే ఎలా ఉంటుంది? పనిమనిషికి ఇచ్చిన చీటీలా ఉంది. ఆయన అలా ఎందుకు రాశాడో నాకర్థం కాలేదు. నీ మీద కోపమా?"

"ఆయన రాయలేదు," అంది రోనీ.

బెర్నిస్ ముల్లంగి నమలడం ఆపింది. ఆ వెంటనే మళ్లీ నమిలింది. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆవిడకు అది కొత్త సంగతేమీ కాదు.

* * *

"అయ్యయ్యో! అలా రాశావా? ఎవరైనా అలా రాసుకుంటారా?" అన్నాడు ప్రూవిట్.

"మీరు సంతకం పెట్టారు."

"నువ్వు తెలివైనదానివని పెట్టాను." ఆయన కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులూ తల వెనక పెట్టుకున్నాడు. మొహంలో విచారం ఉంది. ఆ విచారం వెనక ఇంకోటేదో ఉంది. "పోనీలే. ఒక ఏడాది ఎక్కడికి పోతుంది? మార్చిలో నా గ్రాంటు మళ్లీ మంజూరు కావాలి. ఇంకో వంద ఎలుకలైనా చెయ్యాలి. నువ్వు లేకపోతే ఎవరు చేస్తారు చెప్పు? అది అయ్యాక, వచ్చే ఏడాది దర్జాగా పెట్టుకుందువు."

రోనీ ఆయన మొహంలోకి చూసింది. అప్పుడు కనబడింది ఆమెకు. ఆ విచారం వెనక ఉన్నది ఊరట. అద్దె సరిగా కట్టే మనిషి ఇల్లు మారడం మానుకున్నప్పుడు ఇంటివాడికి కలిగే ఊరట.

"రెండో ఉత్తరం పంపొచ్చని బెర్నిస్ చెప్పింది," అంది.

"పంపుదాం. దానికేం? రాసుకురా. ఈసారి కాస్త నిప్పు ఉండాలి. నేను నీ గురించి నిజంగా ఏమనుకుంటున్నానో అది రాయి."

"మీరు ఏమనుకుంటున్నారు?"

ఆయన కాసేపు పైకప్పు వైపు చూశాడు. "అదే... చాలా మంచి... నీకు తెలుసు కదా."

ఆమె తన బల్ల దగ్గరికి వెళ్లి పావుగంటలో రాసేసింది. మొదటి ఉత్తరానికి మూడు గంటలు పట్టింది. మొత్తం నిజం రాసెయ్యడానికి అంతసేపు పట్టదు.

"నేను ఇంతకుముందు పంపిన ఉత్తరం చదవకుండా సంతకం పెట్టాను. నాలుగేళ్లలో నా పేరు మీద వచ్చిన మూడు వ్యాసాల్లో ప్రతి ఎలుకకూ ఆపరేషన్ చేసింది వెరోనికా కొవాలిక్. నేను కత్తెర ముట్టి పదకొండేళ్లయింది. క్లిప్పును మెల్లగా వదిలితే కిడ్నీ బతుకుతుందని కనిపెట్టింది ఆమె. సభల్లో చెప్పుకున్నది నేను. పరీక్షకు చదువుకోవాల్సిన పంతొమ్మిది రోజులూ ఆమె చేత నా పని చేయించుకున్నాను. ఆమె మార్కులు తగ్గింది నా వల్ల. ఆమె ఎంత తెలివైనదో మీకు చెప్పగలిగేటంతగా నేను ఆమెతో ఎప్పుడూ మాట్లాడలేదు."

దాచి పెట్టలేదు. మిగతా కాగితాల అడుగున దూర్చలేదు. ఎలుకలు తెప్పించే ఫారాల మీద, అన్నిటికంటే పైన పెట్టి, ఆయన ముందుంచింది.

"చదవండి," అంది.

"బాగా రాశావా?"

"నిజం రాశాను. చదవండి డాక్టర్ ప్రూవిట్."

"చదివే ఓపికుంటే నేనే రాసేవాణ్ణి కదే," అని నవ్వి, ఉత్తరం మీదా, దాని కింద నాలుగు ఫారాల మీదా గబగబా సంతకాలు గీకేశాడు. ఐదు సంతకాలకూ కలిపి అర నిమిషం పట్టలేదు. రోనీ ఆ కాగితం తీసుకెళ్లి బెర్నిస్ చేతిలో పెట్టింది.

* * *

నాలుగోనాడు పొద్దున్నే ప్రూవిట్ ల్యాబు తలుపు దడాలున తోసుకొచ్చాడు. చేతిలో ఉత్తరం కాపీ ఉంది. చెవులదాకా ఎర్రబడ్డాడు.

"ఇదేంటి? ఆఁ? ఇదేంటని అడుగుతున్నా!"

"మీరు సంతకం పెట్టిందే."

"నా పరువు గంగలో కలిపేశావు కదే! లాట్రోబ్ కాపీ పంపింది, మాట్లాడాలంటోంది. ఏం మొహం పెట్టుకుని మాట్లాడను? నీకు అన్నం పెట్టిన చెయ్యి..."

"దాంట్లో అబద్ధం ఏదో చెప్పండి. కొట్టేస్తాను."

ఆయన చేతిలో కాపీని తిప్పి తిప్పి చూశాడు. జేబులో ఫోను మోగింది. లాట్రోబ్ పేరు చూసి మొహం తెల్లబడింది. గోడ వైపు తిరిగి ఎత్తాడు.

"ఆఁ, కాన్‌స్టన్స్... అవును... ఆ ఉత్తరం..." చాలాసేపు విన్నాడు. ఆయన మెడ మీద ఎరుపు రోనీ చూస్తుండగానే తగ్గింది. భుజాలు సర్దుకున్నాయి. గొంతు మెత్తబడింది. "అవునవును. రాయడం తేలికేం కాలేదు. రెండు రాత్రులు నిద్రపోలేదు తెలుసా? కానీ ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదా. మనలాంటివాళ్లం మన తప్పులు ఒప్పుకోకపోతే పిల్లలకు ఏం నేర్పుతాం?... ఛ ఛ, ధైర్యం ఏముందిలే ఇందులో... అలాగే, తప్పకుండా, అందరికీ చూపించుకోండి."

రోనీ చేతిలో పట్టకారు అలాగే ఉండిపోయింది. పేగుల్లో పురుగుల్ని చూసింది ఆమె. చీము చూసింది. ఒక మనిషి తన తప్పును ఒప్పుకోకుండానే, ఒప్పుకున్నందుకు పొగడ్తలు జుర్రుకోవడం మాత్రం ఇదే మొదటిసారి చూడటం.

ఆయన ఫోను పెట్టేసి ఆమె వైపు తిరిగాడు. అంతకుముందు అరిచిన మనిషేనా అనిపించేలా నవ్వాడు. "నీ ఫైలు పైకి లాగారు. జనవరి తొమ్మిదిన ఇంటర్వ్యూ. కమిటీలో ఇద్దరు ఏడ్చారట!"

"దేనికి?"

"ఉత్తరానికి. ఇక విను. ఆ ఉత్తరం నేనే రాశాను. సరేనా? అడిగితే ఆ ఒక్క మాట అను చాలు. సీటు నీ ఒళ్లో ఉన్నట్టే." వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగాడు. "అన్నట్టు, బాగానే రాశావు."

మధ్యాహ్నం ఆమె నాన్నకు ఫోను చేసి అంతా చెప్పింది.

"అందులో ఉన్నది నిజమేనా?" అని అడిగాడు మిలన్ చివరికి.

"నిజమే నాన్నా."

"నిజమైతే ఎవడు రాస్తే ఏంటే? వాడే రాశాడని చెప్పు. వాళ్ల తాత రాశాడని చెప్పు. నోరు మూసుకుని లోపలికి పో. కిడ్నీలు బాగుచెయ్యి. లోపలికెళ్లాక ఎంత కావాలంటే అంత వాగు."

"సరే," అంది రోనీ. నాన్న మాటలో తప్పేమీ కనబడలేదు ఆమెకు. అలాగే చెయ్యాలని తొమ్మిదో తేదీ పొద్దున ఇంట్లోంచి బయల్దేరింది.

* * *

పై అంతస్తులో గది వెచ్చగా ఉంది. గోడ మీద 'మేము మనిషిని మొత్తంగా చూస్తాం' అని పెద్ద అక్షరాలు. కిటికీ అవతల మంచు పడుతోంది. బల్లకు అటువైపు ముగ్గురు. మధ్యలో డాక్టర్ లాట్రోబ్, వెండిరంగు జుట్టు, మెళ్లో ముత్యాలు. కుడివైపు ఒక గుండె డాక్టరు, ఎడమవైపు ఒక జన్యుశాస్త్రజ్ఞుడు. రోనీ తన కుట్ల గురించి, మూడు ఊపిర్ల గురించి అడుగుతారని రాత పుస్తకం, బొమ్మలు తెచ్చుకుంది. పావుగంట గడిచినా ఎవరూ అడగలేదు.

"ఇక నీ ప్రొఫెసరు ఉత్తరం గురించి మాట్లాడదాం," అంది లాట్రోబ్. కాగితం తీసి, కళ్లద్దాలు పెట్టుకుని, పైకి చదివింది. తీయటి గొంతుతో చదివింది. "'ఆమె ఎంత తెలివైనదో మీకు చెప్పగలిగేటంతగా నేను ఆమెతో ఎప్పుడూ మాట్లాడలేదు.' ఎంత వినయం! ఇరవై ఏళ్లలో ఇలాంటి ఉత్తరం నేను చూడలేదు. కొత్తగా చేరే ప్రొఫెసర్లకు శిక్షణలో దీన్ని చదివి వినిపించబోతున్నాం."

"మనసు కదిలిపోయింది," అన్నాడు గుండె డాక్టరు.

"ఇలాంటి గురువు దొరకడం నీ అదృష్టమమ్మా. నీ మార్కుల సంగతి మాకు తెలుసు. ఇంత నిజాయితీగల మనిషి నీ వెనక నిలబడ్డాడు కాబట్టే నువ్వు ఈ కుర్చీలో కూర్చున్నావు. ఆయన దగ్గర నువ్వు నేర్చుకున్న గొప్ప విషయం ఏంటో చెప్పు."

రోనీ నోరు తెరిచింది. 'నిజాయితీ' అనాలి. ఒక్క మాట. పన్నెండు సీట్లలో ఒకటి ఆ మాట అవతల ఉంది. ఆమె పంతొమ్మిది రోజులు, ఆమె అరవై ఎలుకలు, ఆమె పావుగంటలో రాసిన ఎనిమిది వాక్యాలు, అన్నీ ఇప్పుడు ఆయన వినయమై బల్ల మీద పడి ఉన్నాయి. ఆమెదంటూ ఇంకో అంగుళం మిగిలింది. అది కూడా తన నోటితో ఇచ్చెయ్యమంటున్నారు.

"ఆ ఉత్తరం రాసింది నేను," అంది.

లాట్రోబ్ కళ్లద్దాలు తీసింది.

"ఆయన చదవలేదు. చదవమని రెండుసార్లు అడిగాను. ఎలుకల ఫారాలతో పాటు సంతకం పెట్టేశాడు. దానికి ముందుదీ నేనే రాశాను. అది చదివి మీరు నన్ను తుడవడానికి పనికొస్తానన్నారట."

ముగ్గురి మొహాల్లోనూ ఆశ్చర్యం లేదు. ఆ సంగతి ఆమె ఇంటికెళ్లాక కూడా మర్చిపోలేదు. ఆశ్చర్యపోయిన మొహం ఒక్కటీ లేదు, దొరికిపోయిన మొహాలు మూడున్నాయి. జన్యుశాస్త్రజ్ఞుడు కలం మూత పెట్టుకుంటున్నాడు. గుండె డాక్టరు కిటికీలోంచి మంచు చూస్తున్నాడు. లాట్రోబ్ కాగితాన్ని నెమ్మదిగా బోర్లించి పెట్టింది.

"ఆ మాట నువ్వు అనకుండా ఉండాల్సింది," అంది. గొంతులో తీపి పోయింది.

"ఎందుకని?"

"నువ్వు అన్నాక నేను విన్నట్టే కదా. అభ్యర్థి సొంతంగా రాసుకున్న ఉత్తరాన్ని మేము లెక్కలోకి తీసుకోకూడదు. అది నియమం."

"ఇక్కడికొచ్చే ఉత్తరాల్లో సగం..."

"అవి మా దృష్టికి రాలేదు."

"ఇప్పుడు వచ్చింది కదా."

"నీది వచ్చింది," అంది లాట్రోబ్. "నీది ఒక్కటే వచ్చింది. ఉత్తరం తీసేస్తే నీ ఫైలులో మిగిలేది మార్కులు. వాటితో అయితే ఈ ఫైలు ఈ బల్ల మీదకే వచ్చేది కాదు. ఈ ఇంటర్వ్యూ ఇంతటితో ఆపాల్సి ఉంటుంది. నన్ను క్షమించాలి."

"నా పని మిగులుతుంది," అంది రోనీ. "నాలుగో అంతస్తుకు రండి. లిఫ్టులో ఒక్క నిమిషం. నా చేతులు చూడండి. కిడ్నీ రంగు చూడండి. మీరే చెప్పండి అప్పుడు."

"మేము అలా చూడం," అన్నాడు గుండె డాక్టరు, మంచు మీంచి చూపు తిప్పకుండానే. అది ఆయనకు చాలా మామూలు మాట.

"మనిషిని మొత్తంగా చూస్తామని గోడ మీద రాసుకున్నారు. చేతులు మాత్రం చూడరా?"

లాట్రోబ్ లేచి నిలబడింది. ఇక వెళ్లమని అర్థం. రోనీ తన బొమ్మలు, రాత పుస్తకం సంచిలో వేసుకుని బయటికి నడిచింది. ఒళ్లంతా మురికి అంటినట్టుంది.

బయట వరండాలో మిగతా అభ్యర్థులు వరసగా కుర్చీల్లో కూర్చున్నారు. ఐదుగురు. అందరివీ ముదురు నీలం సూట్లు. ఒళ్లో కాలేజీ పెట్టిన టర్కీ శాండ్‌విచ్ డబ్బాలు. రోనీ చివరి ఖాళీ కుర్చీలో కూర్చుని, ఇంటర్వ్యూ బూట్లు విప్పి, మంచులో తొడుక్కునే బూట్లు సంచిలోంచి తీసింది.

"ఏమడిగారు లోపల?" అన్నాడు ఒకడు, ఆత్రంగా ముందుకు వంగి.

"ఉత్తరం గురించి. మీ ఉత్తరాలు ఎవరు రాశారు?"

నమలడం ఆగిపోయింది. ఒకడు తన డబ్బా మూత మీది అక్షరాలు చదవడం మొదలుపెట్టాడు. ఇద్దరు నేల చూశారు. కాసేపటికి రోనీ పక్కనున్న అమ్మాయి, పెదాలు కదిలీ కదలనట్టు, "నేనే రాసుకున్నా. అందరూ అంతే కదా," అంది. ఆ వెంటనే కంగారుగా, "లోపల మీరు ఆ మాట చెప్పలేదు కదా?" అని అడిగింది.

"చెప్పాను."

"ఏమైంది?"

"పంపించేశారు."

ఆ అమ్మాయి తలుపు వైపు చూసింది. రోనీ వైపు చూసింది. తర్వాత శాండ్‌విచ్ డబ్బా గుండెలకు హత్తుకుని, కూర్చున్న కుర్చీని చప్పుడు కాకుండా, రెండు జానలు అవతలికి జరుపుకుంది.